మన ఇంట్లో ఏ పండుగలు ఉండాలి? (యోహాను సువార్త 10:22, 23)

ఈ వారం వీడియోలో ధ్యానించిన వాక్యాన్ని, వినే వీలు లేనివాళ్ళ కోసం, మళ్ళీ నిదానంగా చదువుకోవాలనుకునేవాళ్ళ కోసం ఇక్కడ రాతలో పెడుతున్నాము. దయచేసి బైబిలు పక్కన పెట్టుకుని చదవండి. ప్రతి వచనాన్ని తీసి చూడండి.

డిసెంబరు మొదలైతే చాలు, మన ఇళ్ళల్లో ఊపిరి ఆడదు. ముందు సెమీ క్రిస్మస్. తర్వాత క్యారల్స్. 24 రాత్రి, 25 ఉదయం ఆరాధన. వారం తిరగకుండానే 31 రాత్రి వాచ్ నైట్. ఆ అలసట తీరకముందే భోగి, సంక్రాంతి, కనుమ. పిల్లలకు సెలవులు, ఊరి నుంచి ఫోన్లు, బస్సులు, రిజర్వేషన్లు. వీటిల్లో ఏది మనది? ఏది కాదు? ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి? ప్రతి సంవత్సరం ఈ ప్రశ్న మీరు పంపిస్తూనే ఉన్నారు. ఈసారి ఒక సహోదరి రాసిన ఉత్తరం నన్ను చాలా రోజులు మోకాళ్ళ మీద ఉంచింది. పేరు, ఊరు చెప్పను. విషయం మాత్రం ఆమె అనుమతితో చెబుతాను.

ఆమె పుట్టింది గోదావరి జిల్లాలో ఒక రైతు కుటుంబంలో. హిందూ కుటుంబం. చదువుకునే రోజుల్లో ప్రభువును తెలుసుకుంది. భర్త గుంటూరు వైపు లూథరన్ కుటుంబం, నాలుగు తరాల విశ్వాసులు. పెళ్ళి రోజు నుంచి పుట్టింటి గడప తొక్కలేదు, తొక్కనివ్వలేదు. 11 సంవత్సరాలు. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నారు, ఇద్దరు పిల్లలు. మూడేళ్ళుగా వాళ్ళు వెళ్తున్న సహవాసంలో క్రిస్మస్ చేయరు, అది వాక్యంలో లేదని బోధిస్తారు. అందుకని ఇంట్లో స్టార్ కట్టడం మానేశారు, 25న గుంటూరు వెళ్ళడం కూడా మానేశారు. అక్కడ 80 దాటిన అత్తగారు ఒక్కతే ఉంటుంది. పోయిన సంవత్సరం ఆమె పక్కింటి కుర్రాడిని బతిమాలి స్టార్ కట్టించుకుని, ఒక్కతే గుడికి వెళ్ళి వచ్చి, పెరుగన్నం తిని పడుకుందట.

ఇంతలో ఈ సంవత్సరం గోదావరి నుంచి నాన్నగారు ఫోన్ చేశారు. 11 ఏళ్ళ తర్వాత. "సంక్రాంతికి రామ్మా. అల్లుడిని కూడా తీసుకురా" అన్నారు. ఆమె ఫోన్ పట్టుకుని ఏడ్చింది. భర్త మాత్రం రానన్నాడు. విగ్రహారాధన పండుగకు విశ్వాసి ఎలా వెళ్తాడు అన్నాడు. ఆ రాత్రి ఇంకో మాట కూడా బయటికి వచ్చింది. వాళ్ళ నాయనమ్మ కోతకు వెళ్ళే కూలీ. సంక్రాంతి రోజున ఆసాముల ఇళ్ళ ముందు గిన్నె పట్టుకుని దూరంగా నిలబడేది. ఆ ఇంటి పిండివంట గిన్నెలో పడేదే కానీ ఆ ఇంటి అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. "ఆ పండుగ పేరు వింటే నాకు ఆ గిన్నె గుర్తొస్తుంది" అన్నాడట.

ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న. "అయ్యగారూ, మేము ఏ పండుగ ఉంచుకోవాలి?"

చూడండి ప్రియులారా. ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్ళు ఇద్దరు ఉంటారు. ఒకాయన "అన్నీ చేసుకోండి, ఏం పోయింది" అంటాడు. ఇంకొకాయన "అన్నీ మానేయండి, అంతా అన్యాచారమే" అంటాడు. ఇద్దరికీ బైబిలు తెరవాల్సిన పని ఉండదు. మనం తెరుద్దాం.

మొదట: తేదీ గురించి వాక్యం ఏమంటుంది?

ప్రభువు పుట్టిన తేదీ లేఖనాల్లో లేదు. లూకా 2వ అధ్యాయంలో గొల్లలు రాత్రివేళ పొలంలో మందను కాస్తున్నారని ఉంది, నెల లేదు, తిథి లేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉన్న క్లెమెంతు, ఆ రోజుల్లో కొందరు లెక్కగట్టిన తేదీలను రాసిపెట్టాడు. అవి వసంతకాలపు తేదీలు, డిసెంబరు 25 అందులో లేదు. రోమాలో 354లో తయారైన ఒక పంచాంగం వల్ల, 336 నాటికి అక్కడి సంఘం డిసెంబరు 25న ప్రభువు జననాన్ని గుర్తు చేసుకుంటోందని తెలుస్తుంది. ఆ తేదీ ఎందుకు? రెండు వాదనలు ఉన్నాయి. సూర్యుని పండుగకు బదులుగా పెట్టారని కొందరంటారు. ప్రభువు గర్భమందు పడింది మార్చి 25 అని లెక్కగట్టి, తొమ్మిది నెలలు కలిపారని మరికొందరంటారు. అర్మేనియా సంఘం ఈ రోజుకీ జనవరి 6నే జననాన్ని ఆచరిస్తుంది. వాళ్ళు విశ్వాసులు కారా?

కాబట్టి "డిసెంబరు 25 వాక్యంలో ఉంది" అని ఎవరూ అనకండి. అది నిజం కాదు. నిజం కానిదానితో దేవుణ్ణి ఘనపరచలేము.

అలాగే క్రిస్మస్ వద్దనే సహోదరులు కూడా యిర్మీయా 10వ అధ్యాయం తెచ్చి "చూశారా, క్రిస్మస్ చెట్టు" అనకండి. ఆ అధ్యాయం మొత్తం చదవండి. అక్కడ అడవిలో చెట్టు నరికి, పనివాడు దాన్ని చెక్కి, వెండి బంగారాలు తొడిగి, పడిపోకుండా మేకులు కొట్టి, మాట్లాడలేని ఆ బొమ్మను మోసుకుని తిరుగుతారు. అది విగ్రహం తయారుచేయడం గురించి. యిర్మీయా కాలానికి క్రిస్మసే లేదు కదా! మంచి ఉద్దేశంతోనైనా సరే, వాక్యాన్ని వంచకూడదు.

క్రిస్మస్ వద్దన్నవాళ్ళు మన కాలంలో కొత్తగా పుట్టలేదు. ఇంగ్లండులో 1647లో పార్లమెంటు ఈ పండుగను రద్దు చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659లో, క్రిస్మస్ చేసుకున్నవాళ్ళకు ఐదు షిల్లింగుల జరిమానా అని చట్టం చేశారు. 1681లో దాన్ని ఎత్తేశారు. ఆ చట్టాలు చేసినవాళ్ళు నాస్తికులు కారు, బైబిలును ప్రాణంగా ప్రేమించినవాళ్ళు. స్కాట్లాండులో అయితే 1958 దాకా డిసెంబరు 25 సెలవు రోజే కాదు. అంటే, ప్రభువును నిజంగా ప్రేమించే ఇద్దరు మనుషులు ఈ విషయంలో వేరువేరుగా ఆలోచించడం మన సంఘాల్లో మొదలైంది కాదు. అందుకే పౌలు రోమా 14వ అధ్యాయం రాశాడు. ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, మరొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు. ఎవడికి వాడు తన మనసులో రూఢి చేసుకోవాలి అని అక్కడి భావం. ఎంచేవాడు ప్రభువు కోసమే ఎంచాలి. అక్కడ పౌలు ఇద్దరిలో ఎవరినీ తీసిపారేయలేదు. తన సహోదరుణ్ణి తీసిపారేసినవాణ్ణి మాత్రం గట్టిగా నిలదీశాడు.

రెండవది: శీతాకాలంలో ప్రభువు ఎక్కడ ఉన్నాడు?

ఇప్పుడు మన మూల వాక్యానికి వద్దాం. యోహాను 10వ అధ్యాయం 22, 23 వచనాలు. యెరూషలేములో ఆలయ ప్రతిష్ఠిత పండుగ జరుగుతోంది. అది చలికాలం. యేసు దేవాలయంలో, సొలొమోను మంటపంలో నడుస్తున్నాడు. ఈ రెండు వచనాలను మనం గబగబా దాటేస్తాం, తర్వాత వచ్చే గొర్రెల మాట కోసం. ఒక్క నిమిషం ఆగండి.

ఆ పండుగ ఏమిటి? లేవీయకాండము 23వ అధ్యాయం తీయండి. దేవుడు నియమించిన పండుగలన్నీ అక్కడ వరసగా ఉన్నాయి. పస్కా, పులియని రొట్టెలు, ప్రథమ ఫలాలు, వారముల పండుగ, శృంగధ్వని, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలలు. ఆలయ ప్రతిష్ఠిత పండుగ ఉందా? లేదు. అది మోషే ఇచ్చింది కాదు. క్రీ.పూ. 167లో అంతియొకస్ ఎపిఫనేస్ అనే రాజు దేవాలయాన్ని అపవిత్రం చేశాడు. మూడేళ్ళ తర్వాత, క్రీ.పూ. 164లో, యూదా మక్కబీ, అతని సహోదరులు దేవాలయాన్ని శుద్ధి చేసి, కొత్త బలిపీఠం కట్టి, కిస్లేవు నెల 25న మళ్ళీ ప్రతిష్ఠించారు. ఎనిమిది రోజులు సంతోషించారు. ఏటా అలాగే చేయాలని నిర్ణయించుకున్నారు. ఇది దేవుడు సీనాయి మీద ఆజ్ఞాపించిన పండుగ కాదు. దేవుడు చేసిన మేలు మరచిపోకూడదని ప్రజలు పెట్టుకున్న పండుగ.

ఆ పండుగ రోజుల్లో మన ప్రభువు ఎక్కడ ఉన్నాడు? "ఇది ధర్మశాస్త్రంలో లేదు" అని గలిలయలో కూర్చోలేదు. దేవాలయంలోనే ఉన్నాడు. మనుషుల సంప్రదాయం దేవుని ఆజ్ఞను కొట్టివేసినప్పుడు పరిసయ్యులను అంత గట్టిగా గద్దించిన ప్రభువు, ఈ పండుగను గద్దించినట్టు ఎక్కడా లేదు. ఆ పండుగ రోజునే, ఆ జనం మధ్యనే, తన గొర్రెలు తన స్వరం వింటాయని చెప్పాడు.

ఎస్తేరు గ్రంథం 9వ అధ్యాయంలో పూరీము కూడా అలాంటిదే. చలికాలం చివర వచ్చే పండుగ. ప్రజలు తప్పించబడ్డారు, ఆ రోజును ఉంచుకున్నారు. 22వ వచనంలో ఆ రోజు ఏం చేయాలో కూడా రాశారు: ఒకరికొకరు వంటకాలు పంపుకోవాలి, బీదలకు కానుకలు ఇవ్వాలి. గమనించారా? బీదలు లేకుండా ఆ పండుగ పూర్తి కాదు.

మూడవది: అయితే మనుషులు పెట్టిన పండుగలన్నీ మంచివేనా?

కాదు. ఇక్కడే జాగ్రత్త కావాలి. 1 రాజులు 12వ అధ్యాయం చదవండి. యరొబాము కూడా ఒక పండుగ పెట్టాడు. ఎనిమిదో నెల 15వ రోజున. తన సొంత మనసులో నుంచి పుట్టించిన నెల అని వాక్యం చెబుతుంది. ఎందుకు పెట్టాడు? జనం యెరూషలేముకు వెళ్తే తన రాజ్యం పోతుందని భయం. బంగారు దూడలు చేయించి, ప్రజలను దేవుని సన్నిధికి దూరంగా ఆపడానికి పండుగ పెట్టాడు. అహరోను కూడా అంతే. నిర్గమకాండము 32లో దూడ ముందు నిలబడి, రేపు యెహోవాకు పండుగ అని చాటించాడు. పేరు దేవునిదే. ఎదురుగా ఉన్నది దూడ.

మక్కబీయుల పండుగ, యరొబాము పండుగ. రెండూ మనుషులు పెట్టినవే. ఒకటి ప్రజలను దేవుని ఆలయానికి తెచ్చింది, ఇంకొకటి ఆలయం నుంచి తప్పించింది. కాబట్టి "ఎవరు పెట్టారు?" అని మాత్రమే అడిగితే జవాబు దొరకదు. మూడు ప్రశ్నలు అడగాలి. ఇవి రాసుకోండి.

ఒకటి. ఈ పండుగలో నా మోకాలు ఎవరి ముందు వంగుతోంది?

రెండు. నా బిడ్డ "ఇదెందుకు చేస్తున్నాం నాన్నా?" అని అడిగితే, సిగ్గుపడకుండా, తడబడకుండా జవాబు చెప్పగలనా? నిర్గమకాండము 12:26లో దేవుడు పస్కా ఇస్తూనే, మీ పిల్లలు అడుగుతారు, చెప్పడానికి సిద్ధంగా ఉండండి అన్నాడు. జవాబు లేని పండుగ ఉత్త ఖర్చే.

మూడు. ఈ పండుగ నా బల్ల దగ్గరికి ఎవరిని తెస్తోంది, ఎవరిని బయట నిలబెడుతోంది? ద్వితీయోపదేశకాండము 16:11, 14 చూడండి. పండుగలో నువ్వు, నీ కుమారుడు, నీ కుమార్తె, నీ దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు, అందరూ కలిసి సంతోషించాలి. ఈ రెండు వచనాల్లోనూ దేవుడు ఈ పేర్ల వరస చదువుతాడు. అది మరచిపోతే ఏమవుతుంది? ఆమోసు 5లో ఆయనే తాను నియమించిన పండుగలనే అసహ్యించుకుంటున్నానని అన్నాడు.

ఇప్పుడు ఈ మూడు ప్రశ్నలూ పట్టుకుని మన క్యాలెండరు దగ్గరికి వద్దాం.

క్రిస్మస్. శరీరధారియైన దేవుని కుమారుణ్ణి ఆరాధించడానికి ఒక రోజు పెట్టుకోవడం పాపం కాదు. పెట్టుకోకపోవడం కూడా పాపం కాదు. కానీ మన క్రిస్మస్‌లను ఒకసారి చూసుకోండి. బంగారం తాకట్టు పెట్టి బట్టలు కొన్న ఇళ్ళు నాకు తెలుసు. మార్చి దాకా ఆ వడ్డీ కట్టుకుంటారు. చెవులు పగిలే డీజే పెట్టి, పక్కింటి ముసలాయన నిద్ర చెడగొట్టి, సమాధాన కర్త పుట్టాడని పాడతాం. ఇది రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

మెదక్‌లో ఉన్న పెద్ద గుడి మీలో చాలామంది చూసి ఉంటారు. పోస్నెట్ దొరగారు కట్టించారు. కరువు కాలంలో ఆకలితో వచ్చిన జనానికి ఊరికే గంజి పోయకుండా, పని ఇచ్చి, కూలి ఇచ్చి, అన్నం పెట్టి, పదేళ్ళు కట్టించారు. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. ఆ రోజు గుడిలోకి నడిచివచ్చినవాళ్ళలో ఆ రాళ్ళు మోసినవాళ్ళు ఉన్నారు. ఆ చేతులు ఆ గుమ్మం బయట ఆగిపోలేదు. క్రిస్మస్ అంటే మన తెలుగు నేల మీద అది. మన నాయనమ్మలకు, అమ్మమ్మలకు, లోపలికి రమ్మని పిలిచిన మొదటి పండుగ అది. గుంటూరులో 1842 నుంచి లూథరన్ మిషను పనిచేసింది. ఆ సంఘాల్లో ఎన్నో ఇళ్ళల్లో, అంతకుముందు ఏ పండుగలోనూ అరుగు ఎక్కనివాళ్ళు, ఈ ఒక్క పండుగ రోజున కొత్త చీర కట్టుకుని, పేరుతో పిలిపించుకుని, ముందు వరసలో కూర్చున్నారు.

ఇప్పుడు ఆ అత్తగారి స్టార్ గురించి ఆలోచించండి. మనకు అది రంగు కాగితం, లోపల ఒక బల్బు. ఆమెకు అది సాక్ష్యం. "మేము మనుషులమని చెప్పినవాడు పుట్టాడు" అని ఇంటి ముందు వెలిగించి చెప్పడం. దాన్ని తేలిగ్గా తీసేయకండమ్మా.

డిసెంబరు 31, జనవరి 1. ఇది కూడా వాక్యంలో లేదు. కానీ ఒంగోలులో ప్రార్థనా కొండ ఉంది కదా. 1854 జనవరి 1న, తెల్లవారుజామున, మిషనరీ జూయెట్, ఆయన భార్య, వాళ్ళతోపాటు కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి, కింద కనిపిస్తున్న ఊళ్ళ కోసం ప్రార్థించారు. చేతిలో సంఘం అంటూ ఏమీ లేదు. ఆ మిషనునే మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజులవి. 1878 జూలైలో అదే ప్రాంతంలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జనవరి 1లో మహిమ ఏమీ లేదు. ఆ తెల్లవారుజామున మోకాళ్ళూనినవాళ్ళు కోరింది తమ కోసం కాదు, ఊళ్ళ కోసం. ఈసారి 31 రాత్రి, వచ్చే సంవత్సరం నాకేం కావాలి అనే చీటీ పక్కన, నేను ఎవరి కోసం ప్రార్థించాలి అనే చీటీ కూడా రాయండి.

సంక్రాంతి. ఇక్కడ నెమ్మదిగా మాట్లాడుకుందాం. ఇందులో ఆరాధన ఉంది. పెద్దలకు పెట్టుకోవడం ఉంది, దేవతా పూజ ఉంది. అక్కడ మన మొదటి ప్రశ్న అడ్డం వస్తుంది. ప్రభువు ముందు వంగిన మోకాలు ఇంకెక్కడా వంగదు. అది బేరం కాదు. అలాగని ఎదుటివాళ్ళ భక్తిని ఎగతాళి చేసే హక్కు ఎవరూ మనకు ఇవ్వలేదు. కోడిపందేల బరిలో పోయే లక్షల గురించి వేరే చెప్పనక్కరలేదు. అది ఏ మతంవాడి ఇంటినైనా ఒకేలా కూలుస్తుంది.

కానీ సంక్రాంతి అంతా అదేనా? పంట ఇంటికి వచ్చింది. కొత్త బియ్యంతో అరిసెలు వండుతారు. కూతుళ్ళు, అల్లుళ్ళు ఇంటికి వస్తారు. కనుమ రోజున ఏడాదంతా కష్టపడిన ఎడ్లను కడిగి, అలంకరించి, పనికి కట్టకుండా వదిలేస్తారు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతలు 12:10 చెబుతోంది. పంట తొలి ఫలాన్ని గంపలో పెట్టుకుని దేవుని ముందు నిలబడి కృతజ్ఞత చెప్పమని ద్వితీయోపదేశకాండము 26 నేర్పుతోంది. మన సంఘాల్లో కోత పండుగ చేస్తాం కదా. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, కొబ్బరికాయలు తెచ్చి బలిపీఠం దగ్గర పెట్టి, తర్వాత వేలం వేస్తాం. మన పెద్దలు మంచి ఆలోచనతోనే చేశారు. పంట ఇచ్చిన దేవునికి పంటతోనే వందనం.

మరి అమ్మ పెట్టిన అరిసె తినవచ్చా? 1 కొరింథీయులకు 10:27, 28 చదవండి. పిలిచిన ఇంట్లో పెట్టింది, ఆరా తీయకుండా తినమన్నాడు పౌలు. ఇది అర్పించింది అని ఎవరైనా చెబితే, వాళ్ళ మనస్సాక్షి కోసం మానమన్నాడు. అంటే అమ్మ వంటింట్లో కూర్చోబెట్టి పెట్టిన అరిసె, అమ్మ అరిసే. ఇది ప్రసాదం అని చేతిలో పెడితే, నవ్వుతూ, రెండు చేతులూ జోడించి, "వద్దు నాన్నా, ఏమనుకోవద్దు" అనండి. ఉపన్యాసం అక్కరలేదు. 2 రాజులు 5లో నయమాను, తన రాజుతో కలిసి రిమ్మోను గుడికి వెళ్ళాల్సి వస్తుందని భయపడుతూ ఎలీషాను అడిగాడు. ఎలీషా పెద్ద జాబితా ఇవ్వలేదు. నెమ్మది గలిగి వెళ్ళమన్నాడు. కొత్త విశ్వాసి హృదయం ఎటు తిరిగిందో దేవునికి తెలుసు.

ఇక ఆ గిన్నె సంగతి. సహోదరుడా, ఇది నీతో చెబుతున్నాను. నీ బాధ వాక్యానికి వేరుగా లేదు. పంట కోసినవాళ్ళను బయట నిలబెట్టిన పండుగను దేవుడు కూడా అంగీకరించలేదు. లేవీయకాండము 23లో పండుగల వరస మధ్యలో, 22వ వచనంలో, హఠాత్తుగా పొలం అంచుల మాట వస్తుంది. అంచులు పూర్తిగా కోయకు, పరిగె ఏరుకోకు, బీదలకు, పరదేశులకు వదిలిపెట్టు అంటాడు. పండుగల అధ్యాయంలో ఆ మాట ఎందుకు? దేవుని పండుగ పొలంలో మొదలవుతుంది కాబట్టి. మీ నాయనమ్మ గిన్నెను ఆయన చూశాడు.

కానీ ఇప్పుడు ఏం జరిగిందో కూడా చూడు. 11 ఏళ్ళ తర్వాత ఒక ముసలాయన ఫోన్ చేసి, "అల్లుడిని కూడా తీసుకురా" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన లోపల ఎన్ని గోడలు దాటి ఉంటాడో మనకు తెలియదు. మీ నాయనమ్మను అరుగు కింద నిలబెట్టిన పండుగే ఈ రోజు నిన్ను గడప లోపలికి పిలుస్తోంది. వెళ్ళు. పూజలో కూర్చోవడానికి కాదు, పంక్తిలో కూర్చోవడానికి. కనుమ రోజున వెళ్ళు. ముందే ఫోన్ చేసి, "మామయ్యగారూ, పూజలో కూర్చోలేను, భోజనానికి వస్తాను" అని మర్యాదగా చెప్పు.

ఒక షరతు మాత్రం వాక్యమే పెడుతోంది. గలతీయులకు 2:11 నుంచి 14 వరకు చదువు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటున్నాడు. కొందరు రాగానే లేచి వేరుగా కూర్చున్నాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు. పౌలుకు అది భోజనం విషయం కాదు, సువార్త విషయం. కాబట్టి నీకు వేరే ఆకు, వేరే గ్లాసు, వేరే చోటు పెడితే, గొడవ పడకుండా లేచి, దణ్ణం పెట్టి వచ్చేయి. అమ్మా, నువ్వు కూడా అతనితోపాటే లేవాలి. పిల్లలు చూస్తారు. ఒకే పంక్తిలో పెడితే, కూర్చుని కడుపు నిండా తిను. మీ నాయనమ్మ తరఫున కూడా తిను.

మన మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. కొందరి సంఘాల్లో క్రిస్మస్ విందులో ఒకే ఆకు, పెళ్ళి మాట వచ్చేసరికి వేరే ఆకు. ఊరివాళ్ళను అనే ముందు ఇది మనం సరిచేసుకోవాలి.

చివరగా, తల్లుల సంగతి. మార్కు 7వ అధ్యాయంలో కొర్బాను అనే మాట ఉంది. ఇది దేవునికి ఇచ్చేశాను అని చెప్పి, తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టేవారు. ప్రభువు దాన్ని సహించలేదు. వాక్య నిష్ఠ పేరుతో 80 ఏళ్ళ తల్లిని డిసెంబరు 25న ఒంటరిగా వదిలేయడం కూడా కొర్బానే. మీ మనస్సాక్షికి క్రిస్మస్ ఇబ్బందిగా ఉంటే, మీ ఇంట్లో చేయకండి, ఎవరూ బలవంతం చేయకూడదు. కానీ 24 సాయంత్రానికి గుంటూరు బస్సు ఎక్కండి. ఆమెను చేయి పట్టుకుని గుడికి తీసుకెళ్ళండి. ఆ స్టార్ నిచ్చెన వేసి మీరే కట్టండి. రోమా 14:19 సమాధానాన్ని కలుగజేసేవాటినే వెంటాడమంటోంది. ఆ నిచ్చెన ఎక్కడం మీ విశ్వాసానికి నష్టం కాదు, ఆమె విశ్వాసానికి గౌరవం.

ఈ వారం మీరందరూ చేయవలసింది ఇది. ఒక రాత్రి కుటుంబ ప్రార్థన తర్వాత, టీవీ ఆపేసి, అందరూ కూర్చోండి. పిల్లలను కూడా కూర్చోబెట్టండి. ఒక కాగితం మీద ఈ చలికాలంలో వచ్చే పండుగలన్నీ రాయండి. ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేయండి. ఎవరి ముందు వంగుతున్నాం? పిల్లలకు ఏం చెబుతాం? బల్ల దగ్గరికి ఎవరు వస్తారు, ఎవరు బయట ఉన్నారు? మూడో ప్రశ్న దగ్గర ఒక పేరు రాయండి. తప్పకుండా ఒక పేరు ఉంటుంది. విధవరాలైన పక్కింటావిడ కావచ్చు, మాటలు లేని అన్నయ్య కావచ్చు, పండుగకు సెలవు దొరకని మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కావచ్చు. ఆ పేరుతో మీ పండుగ మొదలుపెట్టండి. ఇంట్లో ఒకరికి ఒప్పు అనిపించింది ఇంకొకరికి కాకపోతే, తీర్పు తీర్చుకోవద్దు. ప్రార్థన చేసి, వచ్చే సంవత్సరం మళ్ళీ ఆ కాగితం తీయండి.

ప్రార్థన చేద్దాం.

పరలోకమందున్న మా తండ్రీ, చలికాలంలో సొలొమోను మంటపంలో నడిచిన నీ కుమారుణ్ణి బట్టి నీకు స్తోత్రం. మా ఇళ్ళల్లో కూడా నడువు ప్రభువా. మేము ఉంచుకునే రోజులు నీ కోసమే ఉంచుకొనేలా, మానేసే రోజులు కూడా నీ కోసమే మానేసేలా మా మనసులను నిర్మలం చేయి. ఒంటరిగా ఉన్న మా తల్లులను జ్ఞాపకం చేసుకో. ఎన్నో ఏళ్ళుగా మూసుకున్న తలుపులను తెరుచు. దూరంగా నిలబడినవాళ్ళను మా బల్ల దగ్గరికి తేవడానికి మాకు ధైర్యం ఇవ్వు. ఈ ఉత్తరం రాసిన కుటుంబాన్ని, ఆ రెండు ఊళ్ళలో ఎదురుచూస్తున్న పెద్దవాళ్ళను నీ చేతుల్లో పెడుతున్నాము. యేసుక్రీస్తు నామంలో అడిగి వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.

మీ ఇంట్లో ఆ కాగితం మీద రాసిన పేరు ఎవరిదో మాకు రాయండి. పేరు బయట పెట్టము, బుధవారం ఉపవాస ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాము. ప్రభువు మిమ్మల్ని, మీ కుటుంబాన్ని దీవించును గాక.